పగలు పడుకున్నోడు సోమరి కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నిద్ర మీద వేసిన రెండు పేజీల వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం, మా ఆవిడైతే కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది, నా కోసమేనట. పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పడేయండి, సాయంత్రం అయ్యాక కాఫీ టీలు వద్దు, రోజూ ఒకే టైంకి లేవండి, అన్నీ మంచి మాటలే, కాదనను. కానీ కింద చిన్న బాక్సులో రెండు లైన్లు వేశారు చూడండి, కోవిడ్ లాక్‌డౌన్‌లో అమెరికా కుర్రకారు మునుపటికంటే ఎక్కువ నిద్రపోయారని, తీరిక దొరికితే నిద్ర దానంతట అదే వస్తుందని, మన పిల్లలకి లేనిదల్లా క్రమశిక్షణేనని. అక్కడే నాకు కలుక్కుమంది. ఎందుకంటే ఆ టైంలో నేను అక్కడే ఉన్నా, నేనూ బానే నిద్రపోయా, నా కింద పోర్షన్లో ఉన్న కుర్రాడు మాత్రం నిద్రపోలేదు. అదే చెబుదామని ఈ ఉత్తరం, కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి, కత్తిరించే అధికారం ఎలాగూ మీకుంది.

మీరు రాసింది కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ క్యాంపస్ వాళ్ళ స్టడీ గురించే అనుకుంటా, 2020లో వచ్చింది. 139 మంది స్టూడెంట్లని లాక్‌డౌన్ ముందు, తర్వాత అడిగితే, మామూలు రోజుల్లో నిద్ర దాదాపు అరగంట పెరిగింది, ఏడు గంటలు, ఆపైన పడుకునేవాళ్ళు 84 శాతం నుంచి 92 శాతానికి వెళ్ళారు. స్టడీలో తప్పేం లేదు. కానీ వాళ్ళు ఎవరండీ? క్లాసులు ఆన్‌లైన్ అయిపోయి, ఎనిమిదింటి క్లాసుకి ఏడూ యాభై ఐదుకి లేచి లాప్‌టాప్ తెరిస్తే సరిపోయేవాళ్ళు. యూనివర్సిటీ గడప తొక్కిన 139 మందిని చూసి అమెరికా కుర్రకారు మొత్తాన్నీ ఒక గాటన కట్టేస్తే ఎలా?

మాది న్యూయార్క్‌కి నది అవతల జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక పాత మూడంతస్తుల ఇల్లు, చెక్క ఫ్లోరు, పైన ఎవరైనా నడిస్తే కింద అడుగులు లెక్కపెట్టొచ్చు. నలుగురం తెలుగు కుర్రాళ్ళం, నాకు ఎంఎస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు అక్కడే పని చేసుకోనిచ్చే పర్మిషన్) మీద చిన్న ఐటీ ఉద్యోగం. 2020 మార్చి 21న న్యూజెర్సీలో స్టే ఎట్ హోమ్ ఆర్డర్ వచ్చింది, అంతకు ముందు రోజూ పాత్ అనే లోకల్ ట్రైన్‌లో న్యూయార్క్ మాన్‌హాటన్ వెళ్ళొచ్చేవాణ్ణి, అది పోయింది, ఆ మిగిలిన టైమంతా నేను పడుకున్నా. నిజం చెప్తున్నా, నా జీవితంలో అంత నిద్ర ఇంటర్ అయిపోయిన సెలవుల్లో తప్ప మళ్ళీ అప్పుడే.

కింద పోర్షన్లో ఒక బ్లాక్ ఫ్యామిలీ. తల్లి, అమ్మమ్మ, పాతికేళ్ళ కూతురు, ఇరవై రెండేళ్ళ కొడుకు, ఆరో క్లాసు చదివే చిన్నోడు. ఐదుగురు, రెండు బెడ్‌రూములు. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఎప్పుడు చూసినా పగలు పడుకుని ఉండేవాడు. మధ్యాహ్నం మేం హాల్లో కుర్చీ వికెట్ గా పెట్టి టెన్నిస్ బాల్‌తో క్రికెట్ ఆడుతుంటే (ఇంకేం చేస్తాం, బయటికి పోవద్దన్నారు) ఒకసారి పైకొచ్చి తలుపు కొట్టాడు, మాస్కు, ఎర్రటి కళ్ళు, బ్రో ప్లీజ్, కొంచెం పడుకోవాలి అన్నాడు. సారీ అన్నాం, తలుపేశాం, నవ్వుకున్నాం. పట్టపగలు పడుకోవడమేంట్రా వీడు, వీళ్ళింతే, గవర్నమెంట్ చెక్ వస్తది, తింటారు, పడుకుంటారు. ఆ మాటన్నది ఎవరో కాదు, నేనే. మన వాట్సాప్ గ్రూపుల్లో నల్లోళ్ళ గురించి మనవాళ్ళు అనే మాటలు మీకు తెలియనివి కాదు, అవి విని విని నా నోట్లోకి కూడా వచ్చేశాయి.

తర్వాత పది పదిహేను రోజులకి లాండ్రీ దగ్గర వాళ్ళమ్మ కలిసి మాటల్లో చెప్తే తెలిసింది. ఆ పిల్లాడు మాన్‌హాటన్‌లో ఒక హాస్పిటల్లో రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా పని, పేషెంట్లని స్ట్రెచర్ మీద ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తోసుకెళ్ళే పని. 2020 ఏప్రిల్ అది. అప్పుడు న్యూయార్క్ హాస్పిటళ్ళ బయట శవాల కోసం ఫ్రిజ్ ట్రక్కులు పెట్టిన సంగతి మీరూ ఫొటోలు వేశారు. ఆ ట్రక్కుల దాకా తోసిన చేతుల్లో అతనివీ ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, అప్పుడే చిన్నోడికి టాబ్లెట్‌లో స్కూల్ మొదలు, అది హాల్లో డైనింగ్ టేబుల్ మీద, ఇతని పడక అదే హాల్లో సోఫా. అమ్మమ్మకి ఎక్కడ అంటుకుంటుందోనని బెడ్‌రూమ్ వైపు వెళ్ళేవాడు కాదు. ఒక చెవిలో టీచర్ చెప్పే భిన్నాలు, పైనుంచి మేం కొట్టే సిక్సర్లు. మీ వ్యాసం మొదట్లోనే నిద్ర సుఖమెరుగదు అని సామెత వేశారు, నేను ఒప్పుకోనండి, కటిక నేల మీద నిద్ర పట్టొచ్చేమో గానీ పక్కనే క్లాసు జరుగుతుంటే పట్టదు.

వాళ్ళక్క ఆఫీసులు శుభ్రం చేసే పని, రాత్రి రెండింటికి అయిపోయేది. 2020 మే 6 నుంచి న్యూయార్క్ సబ్‌వేని రాత్రి ఒంటిగంట నుంచి ఐదింటి దాకా మూసేశారు, రైళ్ళు కడగడానికి అని. మంచిదే కదా అనుకున్నాం మేం టీవీలో చూసి. ఆ అమ్మాయికి మాత్రం రెండు బస్సులు మారి పాత్ స్టేషన్ చేరేసరికి నాలుగు దాటేది, ఇల్లు చేరేసరికి తెల్లారేది. మళ్ళీ రాత్రంతా సబ్‌వే నడిచింది 2021 మే 17 నుంచే. ఏడాది పైన! ఏ నిద్ర సర్వేలోనైనా మీ రైలు ఎన్నింటికి అన్న ప్రశ్న ఉంటుందంటారా?

ఇది ఒక్క ఇంటి గోల కాదు. కోవిడ్‌కి ముందరి లెక్కలే తీస్తే, ఇంట్లోంచి పని చేసుకోగలిగే ఉద్యోగం ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో దాదాపు 30 శాతం, ఆసియా వాళ్ళలో 37 శాతం, బ్లాక్ వాళ్ళలో 20 శాతం కూడా లేరు, హిస్పానిక్ అంటే మెక్సికో, దక్షిణ అమెరికా వైపు మూలాలున్నవాళ్ళలో 16 శాతమే. లాక్‌డౌన్ రాగానే ఈ గీతకి ఆ పక్క ఉన్నవాళ్ళకి అరగంట నిద్ర కలిసొచ్చింది, ఈ పక్క ఉన్నవాళ్ళకి ఓవర్‌టైం కలిసొచ్చింది. మా నాయనమ్మ చెప్పేది, అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు కన్ను మూయకపోతే అతని వంతు నిద్ర కూడా ఇంట్లో ఊర్మిళ పోయిందని. అది ప్రేమతో పంచుకున్నది. మాకు సామాన్లు ఇంటికొచ్చాయి, బియ్యం బస్తా మెట్ల దాకా తెచ్చి పడేశారు, చెత్త టైంకి వెళ్ళిపోయింది, రాత్రి జ్వరంతో ఒళ్ళు కాలితే హాస్పిటల్లో స్ట్రెచర్ తోసేవాడు ఉన్నాడు, కాబట్టి మేం పడుకున్నాం. ఆ మేలుకున్నవాడిని మాత్రం ఎవరూ అడగలేదు, మేమైతే సోమరి అని పేరు కూడా పెట్టాం.

ఇక్కడ మీకు ఒక డౌట్ రావచ్చు, ఇదంతా కోవిడ్ వల్ల వచ్చింది, పోయింది కదా అని. లేదండి. అమెరికా గవర్నమెంట్ ఆరోగ్య సంస్థ సీడీసీ 2014లో తీసిన లెక్కే చూడండి, రోజుకి కనీసం ఏడు గంటలు పడుకుంటున్నాం అన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 66.8 శాతం, బ్లాక్ వాళ్ళలో 54.2 శాతం. అవి అడిగి రాసుకున్నవి, మనుషులు తమ నిద్ర గురించి ఎక్కువ చెప్పుకుంటారు అంటారా, చేతికి మీటర్ కట్టి కొలిచిన లెక్క కూడా ఉంది, షికాగోలో, 2006లో వచ్చింది, నలభైల్లో ఉన్నవాళ్ళ మీద. అందరికంటే ఎక్కువ తెల్ల ఆడవాళ్ళు, సగటున 6.7 గంటలు, అందరికంటే తక్కువ బ్లాక్ మగవాళ్ళు, 5.1 గంటలు. గంటన్నర తేడా! రోజుకి గంటన్నర అంటే ఏడాదికి ఎన్ని రాత్రులో మీరే లెక్కేసుకోండి. 2004 నుంచి 2018 దాకా ఇంటింటి సర్వేలు కలిపి చూస్తే కూడా చాలినంత నిద్ర లేని బ్లాక్ జనం పెరుగుతూ పోయారు, తెల్లవాళ్ళతో తేడా తగ్గకపోగా ఇంకా పెరిగింది. అంటే కోవిడ్ వచ్చేనాటికే వాళ్ళు నిద్ర బాకీలో ఉన్నారు.

వాళ్ళ శరీర తత్వమే అంత అనేవాళ్ళు ఉంటారు, ఉన్నారు కూడా, మా రూమ్‌మేట్ ఒకడు నాతో గంట వాదించాడు. సరే, ఇల్లు ఎక్కడ ఉందో చూద్దాం. 1930ల్లో అక్కడ గవర్నమెంట్ సంస్థే ఊళ్ళకి మ్యాపులు గీసి, ఏ పేటలో ఇంటి లోన్ ఇస్తే రిస్కో రంగులు వేసింది, బ్లాక్ వాళ్ళు ఉన్న పేటలకి ఎరుపు. ఎర్ర గీత లోపల లోన్ రాదు, ఇల్లు కొనలేరు, తర్వాత హైవేలు వేసినప్పుడు చాలా ఊళ్ళలో అలాంటి పేటల మధ్యలోంచే వేశారు. ఇప్పటికీ 108 నగరాల్లో కొలిస్తే ఆ ఎర్ర పేటలు మిగతా వాటికంటే సగటున 2.6 డిగ్రీలు వేడి, చెట్లు లేవు, అంతా సిమెంటు, తారు. రాత్రి పూట శబ్దం కూడా బ్లాక్, హిస్పానిక్, ఆసియా జనం ఎక్కువ ఉండే పేటల్లోనే ఎక్కువని 2017లో దేశం మొత్తానికి లెక్క కట్టారు. వేడి, చప్పుడు, ఇరుకు. ఇందులో శరీర తత్వం ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

ఇంక భయం సంగతి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించా, రాయకపోతే ఉత్తరం అబద్ధం అవుతుంది. 2020 మార్చి 13, అమెరికాలో కోవిడ్ నేషనల్ ఎమర్జెన్సీ ప్రకటించిన రోజు, అదే రోజు అర్ధరాత్రి దాటాక కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో పోలీసులు వారెంట్ పట్టుకుని ఒక ఫ్లాట్ తలుపు బద్దలుకొట్టి వెళ్ళారు. లోపల పడుకున్న జంట, ఎవరో దొంగలనుకుని ఆ అబ్బాయి ఒక రౌండ్ కాల్చాడు, పోలీసులు 32 రౌండ్లు కాల్చారు, బ్రియానా టేలర్ చనిపోయింది. 26 ఏళ్ళు. ఆమె పని హాస్పిటల్ ఎమర్జెన్సీలో టెక్నీషియన్. మే 25న మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ సంగతి వీడియో ఉంది కాబట్టి మనందరికీ తెలిసింది, కానీ మా కింది ఇంట్లో ఎక్కువ మాట్లాడుకున్నది బ్రియానా గురించే. మా అబ్బాయిదీ హాస్పిటలే, వాడూ ఇంట్లో పడుకునే కదా ఉంటాడు అంది వాళ్ళమ్మ. సెప్టెంబర్లో ఆమె చావుకి ఎవరి మీదా కేసు లేదని తేలిన రోజు రాత్రి కింద లైటు ఆర్పలేదు. తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకుని పడుకునే మనిషికి నిద్ర వచ్చినా అది సగం కాపలానే. జాతి వివక్ష, నిద్ర మీద పని చేసే పరిశోధకులు దీన్ని విజిలెన్స్ అనే అంటారు, అవమానమో దెబ్బో ఎప్పుడు ఎటునుంచి వస్తుందోనని ఒళ్ళు సిద్ధంగా ఉండటం, అలా ఉన్నవాళ్ళకి నిద్ర పట్టడం కష్టమని లెక్కలతో చూపించారు.

ఫ్లాయిడ్ చావు మీద నిరసనలు లేచి జూన్ మొదటివారంలో న్యూయార్క్‌లో కర్ఫ్యూ, ముందు రాత్రి పదకొండుకి, తర్వాత ఎనిమిదికే. ఎసెన్షియల్ వర్కర్లకి మినహాయింపు ఉంది, కాగితం మీద. ఆ కుర్రాడు హాస్పిటల్ ఐడీ మెడలో, లెటర్ జేబులో పెట్టుకుని, చేతులు జేబులో పెట్టకుండా నడిచేవాడట. అదే నెలంతా బ్రూక్లిన్, బ్రాంక్స్ వైపు తెల్లవార్లూ బాణసంచా, కంప్లయింట్లు వేలల్లో వస్తే మేయర్ టాస్క్‌ఫోర్స్ పెట్టాల్సి వచ్చింది. సైరన్లు అయ్యాయి, హెలికాప్టర్లు అయ్యాయి, ఆ తర్వాత ఇవి.

పని ఉన్నవాళ్ళ కథ ఇది, పని పోయినవాళ్ళది ఇంకోటి. ఏప్రిల్ 2020లో అమెరికాలో నిరుద్యోగం తెల్లవాళ్ళలో 14.2 శాతం, బ్లాక్ వాళ్ళలో 16.7, హిస్పానిక్ వాళ్ళలో 18.9, పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళలో అయితే నాలుగో వంతు పైనే. వాళ్ళకి తీరికకి లోటేం లేదు కదా, మీ వ్యాసం ప్రకారం హాయిగా నిద్ర పట్టాలి. అద్దె గుర్తొస్తే పడుతుందా?

ఇప్పుడు మన సంగతి కూడా చెప్పాలి, మనం ఏదో వేరే గ్రహం మీద ఉన్నట్టు రాయకూడదు. మా రూమ్‌మేట్‌కి ఏప్రిల్లోనే ఉద్యోగం పోయింది. ఓపీటీలో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు, వాడు గోడ మీద క్యాలెండర్లో రోజుకో గీత కొట్టేవాడు, రాత్రి మూడింటికి లేచి కూడా అప్లికేషన్లు పెట్టేవాడు, అరవై ఏడో గీత దగ్గర ఉద్యోగం వచ్చింది. ఇంకోడు స్టూడెంట్, జూలై 6న క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే దేశం వదిలి పోవాలని రూల్ వచ్చింది, 14న వెనక్కి తీసుకున్నారు, ఆ ఎనిమిది రాత్రులు మా ఇంట్లో లైటు ఆరలేదు. 2021 మార్చిలో అట్లాంటా స్పాల్లో ఎనిమిది మందిని కాల్చి చంపితే అందులో ఆరుగురు ఆసియా ఆడవాళ్ళు, మా అమ్మ ఫోన్ చేసి చీకటి పడితే బయటికి పోకురా అనేది. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ సెకండ్ వేవ్. మనకి పొద్దున తొమ్మిదిన్నర అంటే అక్కడ అర్ధరాత్రి, వరంగల్లో మా బాబాయికి బెడ్డు కోసం, ఆక్సిజన్ సిలిండర్ కోసం రాత్రంతా ఫోన్లు, తెల్లారితే ఆఫీసు మీటింగ్. అప్పుడు తెలిసింది నాకు, నిద్ర లేకుండా పని చేయడం అంటే ఏంటో, పైన ఎవరో నడుస్తుంటే ఎలా ఉంటుందో. మాది మూడు వారాలు. బాబాయి బతికాడు, నేను మళ్ళీ పడుకున్నా.

ఇంకో చిన్న మాట, అక్కడ ఫారాల్లో మనమంతా ఆసియన్ అనే ఒకే గడిలో పడతాం. ఆ 2014 లెక్కలో కనీసం ఏడు గంటలు పడుకునే ఆసియన్లు 62.5 శాతం, తెల్లవాళ్ళకంటే తక్కువే. అందులో ఇంట్లోంచి కోడ్ రాసే తెలుగువాడు ఉన్నాడు, రాత్రంతా టాక్సీ తోలే బంగ్లాదేశ్ ఆయన ఉన్నాడు, నెయిల్ సెలూన్ మూతపడ్డ నేపాలీ ఆవిడ ఉంది. సగటు తీస్తే ముగ్గురి మొహాలూ పోతాయి. మనవాళ్ళు ఆ సగటులో దాక్కుని మేం కూడా కష్టపడ్డాం, వాళ్ళకేం అంటుంటారు, నాకు నచ్చదు.

ఇదంతా నిద్రే కదా, చాలకపోతే ఆదివారం పడుకుంటారులే అనుకోకండి. 2009లో 153 మంది వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు, ఏడు గంటల కంటే తక్కువ పడుకునేవాళ్ళకి జలుబు రావడం, ఎనిమిది గంటలు పడుకునేవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. అంతకు ముందు 2002లో, కొన్ని రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి ఫ్లూ టీకా వేస్తే పది రోజులకి యాంటీబాడీలు మిగతావాళ్ళలో సగం కూడా రాలేదు. కోవిడ్ లెక్క అచ్చం ఇంతే అని నేను అనను, అది వేరే వైరస్. కానీ అందరికంటే ముందు వైరస్‌కి ఎదురెళ్ళేవాళ్ళని అందరికంటే తక్కువ నిద్రతో పంపించాం అన్నది నిజం. తొలి అంచనాల ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో అమెరికాలో సగటు ఆయుర్దాయం తెల్లవాళ్ళకి 1.2 ఏళ్ళు పడిపోతే బ్లాక్ వాళ్ళకి 2.9 ఏళ్ళు పడిపోయింది, హిస్పానిక్ వాళ్ళకి 3 ఏళ్ళు. నిద్ర దాంట్లో ఒక్క పోగు మాత్రమే, మిగతా పోగులు కూడా అదే మగ్గం మీదివి.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేం కాదు. నిద్ర మీద మళ్ళీ వ్యాసం వేస్తే రాసే డాక్టర్ గారిని ఆ చిట్కాలకి ముందు ఒక్క పేరా రాయమనండి, పడుకోవడానికి మనిషికి గది ఉందా, షిఫ్ట్ ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు అని. ఫోన్ పక్కన పెట్టమని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఎలా చెప్తాం, అతని ఫోన్ మోగితేనే కదా రాత్రి రెండింటికి మనకి గేటు తీసేది. తెల్లారుజామున రోడ్డు ఊడ్చే అక్క ఎన్నింటికి పడుకుంటుందో మన దగ్గర ఎవరైనా కొలిచారా, కులం వారీగా కొలిచారా, ఉంటే అది వేయండి, నేను మా ఆవిడ దగ్గర కత్తెర తీసుకుని నేనే అంటిస్తా.

2021 ఆగస్టులో నేను ఇల్లు ఖాళీ చేసి వచ్చేశా. సామాన్లు పంచుతుంటే ఒక బాక్స్ ఫ్యాన్ మిగిలింది, అక్కడ కిటికీలో పెట్టుకునే చదరం ఫ్యాన్, పాతది, గడగడలాడుతుంది. కిందికి తీసుకెళ్ళి, చప్పుడెక్కువ, మీకు పనికొస్తుందో లేదో అన్నా. వాళ్ళమ్మ గొంతు తగ్గించి, లోపల సోఫా వైపు చూసి, ఆపకుండా చప్పుడు చేస్తుందా అని అడిగింది. చేస్తుందన్నా. అయితే ఇవ్వు, మెట్ల మీద మీ అడుగులు వినపడవు అంది.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ